హీలీ కారులో కాళ్ళెందుకు కాలతాయి?

మా బావ రెండేళ్ళ కిందట డాలస్‌లో ఒక పాత కారు కొన్నాడు. ఆస్టిన్-హీలీ 3000, మార్క్ 3, 1965లో తయారైనది. ఇంగ్లండులో పుట్టి, కొత్తగా ఉన్నప్పుడే ఓడెక్కి అమెరికా వచ్చిన బండి. చూస్తే మాత్రం కన్ను తిప్పుకోలేం. కొన్న వారానికే, జులై నెలలో, అక్కను పక్కన కూర్చోబెట్టుకుని గంటసేపు తిప్పి తీసుకొచ్చాడు. అక్క దిగి, ఒక్క మాట మాట్లాడకుండా, చెప్పులు విప్పి నా ముందు పెట్టింది. ఒక చెప్పుకి అడుగుభాగం సగం దాకా ఊడి వేలాడుతోంది, అంటించిన జిగురు కరిగిపోయింది. "ఇంకోసారి ఇందులో ఎక్కమంటే పుట్టింటికి పోతా" అంది. పుట్టింటి వాణ్ణి అక్కడ నేనొక్కణ్ణే కాబట్టి నా వైపు చూసి మరీ అంది.

బావ పట్టుదల మనిషి. నాలుగు వందల డాలర్లు పోసి, ఒక పక్క వెండి రేకు అంటించిన నల్లటి షీట్లు తెప్పించాడు. సీట్లు, కార్పెట్లు పీకి, రెండు శనివారాలు మోకాళ్ళ మీద కూర్చుని ఫ్లోరంతా అతికించాడు. మళ్ళీ తిప్పాడు. తేడా ఉందంటే ఉంది, లేదంటే లేదు. అప్పుడు నాకు ఫోన్: "ఏరా, నువ్వు మెకానికల్ చదివావు కదా, ఇదేంటో వచ్చి చూడు." నేను చదివి ఇరవై ఏళ్ళయింది, ఇప్పుడు చేసేది సాఫ్ట్‌వేరు, అయినా బావ మాట కాదనలేం కదా. ఆరు నెలల శనివారాలు అందులోనే పోయాయి. కేబిన్‌లోకి వచ్చేది ఒకే వేడి కాదు, మూడు రకాల వేడి మూడు దారుల్లో వస్తుంది, అందరూ మొదట చేసే పని, అంటే ఇలాంటి షీట్లు పరుపుల్లా పరవడం, నిజానికి అన్నిటికంటే ఆఖరున చేయాల్సింది. ఈ సంగతి ఎలా తెలిసిందో కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే ఇది ఒక్క హీలీకే కాదు, ముందు ఇంజను ఉన్న ఏ పాత స్పోర్ట్స్ కారుకైనా వర్తిస్తుంది.

మన ఆర్టీసీ బస్సుల్లో డ్రైవర్ పక్కన బానెట్ ఉండేది గుర్తుందా? సీటు దొరక్కపోతే దాని మీద కూర్చునేవాళ్ళం. శీతాకాలం హాయిగా ఉండేది, వేసవిలో గుంటూరు నుంచి మాచర్ల దాకా దాని మీద కూర్చున్నవాడు దిగాక నడిచే తీరు వేరేగా ఉండేది. హీలీలో ఉన్న ఇబ్బంది కూడా దాదాపు అలాంటిదే, కాకపోతే అక్కడ మనం బానెట్ మీద కూర్చుంటే ఇక్కడ దాని పక్కన సందులో కాళ్ళు పెట్టుకుంటాం. ఇంజను బాగా వెనక్కి జరిపి బిగించారు, గేర్‌బాక్స్ దాదాపు కేబిన్ మధ్యలోకి చొచ్చుకొస్తుంది, దానికి అటూ ఇటూ సన్నటి సొరంగాల్లాంటి రెండు గుంటలు, వాటిలో మన పాదాలు. సైలెన్సర్ గొట్టాలేమో ఫ్లోరు కింద, నేలకి జానెడు ఎత్తు కూడా లేకుండా పోతుంటాయి. పాదాలకు ముందు ఇంజను, పక్కన గేర్‌బాక్స్, కింద సైలెన్సర్.

ఈ కార్ల సృష్టికర్త డోనల్డ్ హీలీ మొదటి హీలీ 100ని 1952లో లండన్ మోటార్ షోలో చూపించినప్పుడు ఇదంతా పెద్ద తప్పు కాదు. బాడీలు వెస్ట్ బ్రామ్‌విచ్‌లో జెన్సన్ వాళ్ళు చేసేవారు, తర్వాతి రోజుల్లో కారు బిగింపు ఆబింగ్డన్‌లో ఎంజీ ఫ్యాక్టరీలో జరిగేది. అక్కడ వేసవి అంటే ఇరవై, ఇరవై రెండు డిగ్రీలు. కాళ్ళకు కాస్త వెచ్చగా తగిలితే సంతోషించే ఊళ్ళు. తీరా చూస్తే తయారైన 3000ల్లో చాలా భాగం అట్లాంటిక్ దాటి అమెరికా వెళ్ళాయి, కాలిఫోర్నియా, టెక్సాస్ లాంటి చోట్లకి కూడా. డాలస్ జులై అంటే మన రెంటచింతల మే నెలకు తమ్ముడు లాంటిది.

ముందు లెక్క చూద్దాం. ఇది 2,912 సీసీ ఇంజను, ఆరు సిలిండర్లు, పూర్తిగా తొక్కితే దాదాపు 150 హార్స్‌పవర్. హైవే మీద నిలకడగా పోతున్నప్పుడు అందులో పాతిక కిలోవాట్లు వాడుతుందనుకుందాం. అలాంటి పాత ఇంజను తాగిన పెట్రోల్లో పావు వంతే పనిగా మారుతుంది, మిగతా ముప్పావు వంతు వేడి. అంటే డెబ్బై అయిదు కిలోవాట్లు. మన బాత్రూముల్లో గీజరు రెండు కిలోవాట్లుంటుంది, కాబట్టి ముప్పై ఏడు గీజర్లు ఒకేసారి ఆన్ చేసి వాటి పక్కన కాళ్ళు చాపుకుని కూర్చున్నట్టు. ఇందులో ఇంచుమించు సగం రేడియేటర్ దారిన, సగం సైలెన్సర్ దారిన బయటికి పోవాలి, పోతుంది కూడా. మన బాధంతా దారి తప్పి కేబిన్‌లోకి దూరే రెండు మూడు కిలోవాట్ల గురించే.

ఇక్కడే చాలామంది మొదటి తప్పు చేస్తారు. కాళ్ళు కాలుతున్నాయి అంటే ఇంజను వేడెక్కుతోంది అనుకుని రేడియేటర్ మారుస్తారు, తక్కువ వేడికే తెరుచుకునే థర్మోస్టాట్ వేస్తారు. బావకి కూడా ఒక వర్క్‌షాపు వాళ్ళు అదే చెప్పి బిల్లు చేతిలో పెట్టారు. ఆలోచించండి: నీళ్ళు 88 డిగ్రీల బదులు 72 డిగ్రీల్లో తిరిగినా, పక్కనే సిలిండర్లలో మండిన గ్యాసుని సైలెన్సర్ గొట్టాల్లోకి పంపే పోత ఇనుము ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ 300 డిగ్రీలు దాటి ఉంటుంది, దానికి రేడియేటర్‌తో సంబంధమే లేదు. గేజ్ ముల్లు చక్కగా ఉన్న కారులో కూడా చెప్పులు కరుగుతాయి.

మరి ఆ మూడు రకాలు ఏవి? మొదటిది రేకు పట్టుకుని వచ్చేది, ఉడుకుతున్న గిన్నెలో గరిట వదిలేస్తే పిడి కాలినట్టు. రెండోది గాలి మోసుకొచ్చేది, బస్సు కిటికీలోంచి కొట్టే వడగాలి లాంటిది. మూడోది భోగి మంట వేడి. మంట దగ్గర నిలబడితే ముఖం చుర్రుమంటుంది, వీపేమో చలికి వణుకుతుంటుంది, మధ్యలో ఎవరైనా అడ్డం వచ్చి నిలబడితే ఆ క్షణమే ముఖానికి వేడి ఆగిపోతుంది. గాలి అదే, దూరం అదే. ఎందుకు ఆగింది? అది గాలిలో రావట్లేదు, వెలుగులాగా తిన్నగా దూసుకొస్తోంది.

ఈ మూడో రకానికి ఒక చెడ్డ గుణం ఉంది. వేడి కొంచెం పెరిగితే ఇది చాలా పెరుగుతుంది. పరమ శూన్య ఉష్ణోగ్రత (మైనస్ 273 డిగ్రీలు) నుంచి కొలిచిన ఉష్ణోగ్రత రెట్టింపైతే ఇది పదహారు రెట్లవుతుంది. తుప్పు రంగు తిరిగిన ఇనుము 300 డిగ్రీల దగ్గర చదరపు మీటరుకి అయిదారు వేల వాట్లు చిమ్ముతుంది. నడి వేసవి మిట్టమధ్యాహ్నం సూర్యుడు మన నెత్తిన పోసేది వెయ్యి వాట్లే. అదే ఇనుము 200 డిగ్రీలకు దిగితే చిమ్మేది సగానికన్నా తక్కువకి పడిపోతుంది. అందుకే మానిఫోల్డ్‌ని వంద డిగ్రీలు చల్లబరచగలిగితే అది కేబిన్‌లో వంద పరుపులు వేసినదానికంటే మేలు. ఎలా చల్లబరుస్తాం అన్నది కొంచెం ఆగి చెప్తాను.

ఏ రకం వేడి ఎక్కువ బాధపెడుతోందో తెలుసుకోవడానికి పరికరాలు అక్కర్లేదు, కాస్త గమనిక చాలు. బండి ఆగి ఉన్నప్పుడు ఫర్వాలేదు, వేగం పెరిగేకొద్దీ చీలమండల దగ్గర వేడిగాలి కొడుతోంది అంటే ఎక్కడో కంత ఉంది. అరగంట దాకా ఏమీ లేదు, తర్వాత మెల్లగా కార్పెట్ కాలడం మొదలైంది, గాలి మాత్రం మామూలుగానే ఉంది అంటే కింద సైలెన్సర్ ఫ్లోరుని కాలుస్తోంది. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే ఉడికిపోతున్నాం అంటే బానెట్ కింద వేడిగాలికి బయటికి దారి లేదు. బావ కారులో మూడూ ఉన్నాయి, కానీ అక్క చెప్పిన మాట మొదటిదానికే సరిపోయింది: "ఎవరో కాళ్ళ దగ్గర హెయిర్ డ్రయ్యర్ పెట్టినట్టుందిరా."

ఆ మాట ఎంత కరెక్టో తర్వాత లెక్క వేస్తే తెలిసింది. పది చదరపు సెంటీమీటర్ల కంత, అంటే అగ్గిపెట్టె కంటే చిన్నది, దానిలోంచి బయటి గాలి కంటే నలభై డిగ్రీలు వేడిగా ఉన్న గాలి సెకనుకి అయిదు మీటర్ల వేగంతో వస్తే రెండు వందల వాట్లు. అలాంటివి అయిదారు ఉంటే నిజంగానే హెయిర్ డ్రయ్యరే.

కంతలు వెతికే పద్ధతి చాలా తేలిక, ఖర్చు లేనిది. రాత్రి గరాజ్‌లో లైట్లన్నీ ఆపేశాం. బానెట్ కింద బాగా వెలుగునిచ్చే ఎల్‌ఈడీ లైటు ఒకటి పెట్టి, బానెట్ మూసి, పాత దుప్పటి ఒకటి పైన కప్పాం, పక్కల నుంచి వెలుగు రాకుండా. కార్పెట్లు అప్పటికే తీసేసి ఉన్నాయి. బావ డ్రైవర్ వైపు, నేను అటువైపు తల కిందికి పెట్టి చూశాం. కళ్ళు చీకటికి అలవాటు పడటానికి రెండు నిమిషాలు పట్టింది. తర్వాత చూస్తే, పాత రేకుల షెడ్డులో మధ్యాహ్నం నేల మీద ఎండ చుక్కలు పడతాయే, అలా ఉంది లోపల. పెడళ్ళు దూరే చోట రెండు చీలికలు. స్టీరింగ్ రాడ్డు చుట్టూ ఒక ఉంగరం. వైర్ల కట్ట దూరే కంతలో అంచుకి తొడిగే రబ్బరు రింగు, గ్రోమెట్ అంటారు, ఎప్పుడో ఎండి రాలిపోయింది, దాని పక్కన ఎవరో పాత రేడియో కోసం డ్రిల్ చేసి వదిలేసిన కంత. ఇవన్నీ ఒక ఎత్తు, గేర్‌బాక్స్ మీద కప్పే టన్నెల్ ఒక ఎత్తు. అది విప్పి తీసేలా చేసిన మూత, చుట్టూ స్క్రూలతో బిగుస్తుంది, కింద ఒక మెత్తటి సీల్ ఉండాలి. ఎప్పుడో గేర్‌బాక్స్ దించి ఎక్కించినవాళ్ళు ఆ సీల్ మళ్ళీ వేయలేదు, ముందు అంచు పొడుగునా వేలు దూరేంత సందు. బావ అతికించిన నాలుగు వందల డాలర్ల షీట్లు ఆ సందుకి ఆమడ దూరంలో ఆగిపోయాయి.

"అంటే నేను కిటికీ తెరిచిపెట్టి గోడలకి బొంతలు కట్టానన్నమాట" అన్నాడు బావ. ఈ వ్యాసానికి అంతకంటే మంచి వాక్యం నేను రాయలేను.

టాప్ దించితే చల్లగా ఉండాలి కదా, మరి టాప్ లేని కారులో కాళ్ళ దగ్గర ఎందుకంత వేడిగాలి అని చాలామందికి అనుమానం. అసలు తిరకాసు అక్కడే ఉంది. కారు పోతున్నప్పుడు గాలి ముందు అద్దం మీంచి ఎగిరి వెనక్కి పోతుంది, దాంతో కేబిన్‌లో గాలి ఒత్తిడి కొంచెం తగ్గుతుంది. మరోవైపు గ్రిల్ లోంచి దూసుకొచ్చిన గాలి రేడియేటర్ మీదుగా వేడెక్కి, మానిఫోల్డ్ చుట్టూ తిరిగి ఇంకా వేడెక్కి, బానెట్ కింద ఒత్తిడి పెంచుతుంది. ఒకవైపు తోపు, ఒకవైపు లాగుడు, మధ్యలో అరవై ఏళ్ళ కంతలున్న రేకు గోడ. వేగం పెరిగేకొద్దీ రెండూ పెరుగుతాయి. అంటే టాప్ దించి హుషారుగా తొక్కితే మన కారే మన కాళ్ళ మీద వేడిగాలి పీల్చి పోస్తుంది.

ఇదే దారిన ఇంకోటి కూడా వస్తుంది, దాన్ని తేలిగ్గా తీసుకోకండి. మానిఫోల్డ్ అతుకులో ఉండే సీల్, అంటే గ్యాస్కెట్, కొంచెం లీకైతే ఆ పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్ కూడా ఈ కంతల్లోంచే లోపలికి వస్తుంది. దానికి వాసన లేదు, రంగు లేదు. టాప్ వేసుకుని పోతున్నప్పుడు వెనక డిక్కీ రబ్బరు పాడైతే సైలెన్సర్ పొగ అటు నుంచి కూడా లోపలికి లాగబడుతుంది. పొడుగు ప్రయాణం తర్వాత తలనొప్పి, మగతగా ఉంటే ఎండ దెబ్బ అనుకుని మజ్జిగ తాగి పడుకునేవాళ్ళుంటారు, ముందు గ్యాస్కెట్ చూపించండి. ఇళ్ళల్లో పెట్టే చిన్న అలారం ఒకటి కారులో ఉంచుకోవడంలో సిగ్గేమీ లేదు.

కంతలు మూయడం మెకానిక్ పని కూడా కాదు, ఓపిక పని. గ్రోమెట్లు కొత్తవి దొరుకుతాయి, ఈ కార్లకు సామాన్లు ఇప్పటికీ బాగానే దొరుకుతాయి. డ్రిల్ కంతలకి రేకు ముక్క, రెండు రివిట్లు, చుట్టూ వేడికి ఆగే సిలికాన్. టన్నెల్ అంచుకి మేము మంటకు ఆగే ఫోమ్ స్ట్రిప్ వేసి, స్క్రూలన్నీ ఒకదాని తర్వాత ఒకటి కాకుండా ఎదురెదురుగా కొంచెం కొంచెం బిగించాం, వంటింట్లో పెద్ద డేక్సా మూత నాలుగు వైపులా సమంగా నొక్కుతామే, అలా. డబ్బాలోంచి బుస్సున ఉబ్బే పసుపు ఫోమ్ మాత్రం ఫైర్‌వాల్ (ఇంజనుకీ కేబిన్‌కీ మధ్య రేకు గోడ) దగ్గర వాడకండి, అది అంటుకుంటుంది. ఇంకో మాట, ఆ రోజుల్లో వేడి ఆపడానికి ఆస్బెస్టాస్ అట్టలు విరివిగా వాడేవారు. మీ కారులో బూడిద రంగు పాత అట్ట ఏదైనా పొడిపొడిగా రాలుతుంటే గీకకండి, దుమ్ము లేపకండి, ఆ పని తెలిసినవాళ్ళ చేత తీయించండి.

ఈ ఒక్క పనితో తేడా ఎంత వచ్చిందంటే, బయట 37 డిగ్రీలున్న రోజు కాళ్ళ దగ్గర గాలి 61 నుంచి 50కి దిగింది. సామాన్లకైన ఖర్చు ముప్పై డాలర్లు దాటలేదు. బావ ఆ రోజు షీట్ల బిల్లు చించేశాడు.

ఇక మానిఫోల్డ్‌ని చల్లబరచడం. ఇది విన్నవాళ్ళు ముందు నమ్మరు: కేబిన్ వేడికి, సిలిండర్లకు స్పార్క్ పంచే డిస్ట్రిబ్యూటర్‌తో సంబంధం ఉంది. స్పార్క్ ఎంత ముందు పడాలో అంత ముందు పడితే మంట సిలిండర్‌లోనే తన పని ముగించి, కొంత చల్లబడి బయటికి వస్తుంది. ఆలస్యంగా పడితే ఇంకా మండుతున్న గ్యాసే మానిఫోల్డ్‌లోకి పోతుంది, ఇనుము ఎర్రబడినా ఆశ్చర్యం లేదు. హైవే మీద తేలిగ్గా పోతున్నప్పుడు స్పార్క్‌ని ఇంకాస్త ముందుకు జరపడానికి డిస్ట్రిబ్యూటర్ పక్కన చిన్న డబ్బీ ఉంటుంది, వాక్యూమ్ అడ్వాన్స్ అంటారు, లోపల పల్చటి పొర. అరవై ఏళ్ళ పొర చిరిగి ఉండకపోతేనే వింత. పరీక్ష ఇదీ: దానికి వచ్చే సన్నటి గొట్టం ఊడదీసి, డబ్బీ వైపున్న కొసని నోట్లో పెట్టుకుని పీల్చి, నాలుకతో మూసి పట్టుకోవాలి. పొర బాగుంటే నాలుక అతుక్కుపోయి ఉంటుంది, మూత తీసి చూస్తే లోపల ప్లేటు జరిగి ఆగి ఉంటుంది. బావ హుక్కా తాగినట్టు పీలుస్తూనే ఉన్నాడు, గాలి వస్తూనే ఉంది. కొత్త డబ్బీ వేసి, టైమింగ్ సరిచేశాక ఇంజను గొంతే మారింది, కాళ్ళ దగ్గర ఇంకో మూడు డిగ్రీలు తగ్గింది. పెట్రోల్, గాలి కలిపి ఇంజనుకి పంపే కార్బ్యురేటర్లు పెట్రోల్ తక్కువ, గాలి ఎక్కువ ఇచ్చేలా ఉన్నా ఎగ్జాస్ట్ వేడి పెరగవచ్చు, కాబట్టి టైమింగ్ చూసే రోజే అదీ చూపించడం మంచిది.

హీటర్ ట్యాప్ సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. చలికాలం కోసం ఇంజను వేడినీళ్ళు కేబిన్‌లోని హీటర్‌కి పోతాయి. ట్యాప్ పూర్తిగా మూసుకోకపోతే మే నెలలో కూడా హీటర్ నడుస్తూనే ఉంటుంది. ట్యాప్ మూసి, ఇంజను వేడెక్కాక అవతలి గొట్టం చేత్తో పట్టుకోండి, కాలితే ట్యాప్ పోయినట్టే.

భోగి మంటకి అడ్డం ఎవరో నిలబడాలన్నాం కదా, ఆ పని రేకుది. మామూలు అల్యూమినియం రేకు, ఒక మిల్లీమీటరు మందం. మెరిసే అల్యూమినియం తన మీద పడే కిరణాల వేడిలో తొంభై శాతం పైన వెనక్కి తిప్పికొడుతుంది. కానీ అది ఎక్కడ పెడతామన్నదే ముఖ్యం. ఫ్లోరుకి ఆనించి పెడితే రేకు వేడెక్కి, గరిట పిడి లాగా ఆ వేడిని ఫ్లోరుకే అప్పజెబుతుంది. కనీసం పన్నెండు మిల్లీమీటర్ల సందు ఉండాలి, ఆ సందులో గాలి ఆడాలి. మేము పొడుగు బోల్టులకి మధ్యలో స్పేసర్లు పెట్టి, సైలెన్సర్‌కీ ఫ్లోరుకీ మధ్య రెండు ముక్కలు వేలాడదీశాం. ఆ పని చేస్తుంటేనే సైలెన్సర్ వేలాడదీసే రబ్బర్లు బిగుసుకుపోయి గొట్టాన్ని ఫ్లోరు దగ్గరికి ఎత్తి పట్టాయని కనబడింది. రబ్బర్లు మారిస్తే గొట్టం వేలెడు కిందికి దిగింది, డబ్బులేమీ లేకుండా దొరికిన సందు అది.

బావ అతికించిన షీట్లు పెద్దగా ఎందుకు పనిచేయలేదో ఇప్పుడు మీకే తెలిసిపోయి ఉంటుంది. వెండి ముఖం కార్పెట్ కింద నలిగిపోతే అది అద్దం కాదు, మామూలు రేకు. పైగా అలాంటి షీట్లలో చాలావరకు శబ్దం, వణుకు తగ్గించడానికి తయారుచేసినవి. అవి ఆ పని బాగానే చేస్తాయి, కారులో మాటలు వినబడతాయి. వేడి ఆపడానికి వాటి కింద మూసుకున్న గాలి బుడగల ఫోమో, ఫెల్టో ఉండాలి. గోనెసంచి లాంటి ఫెల్ట్ చవక, కానీ ఒక్క వాన నీళ్ళు తాగితే నెల రోజులు ఆరదు, కింద ఫ్లోరు తుప్పు పడుతుంది.

ఉష్ణోగ్రత కొలవడానికి తుపాకీ లాంటి థర్మామీటర్ కొంటారు చాలామంది, మేమూ కొన్నాం. దాంతో మెరిసే రేకుని కొలిస్తే అబద్ధం చెబుతుంది, రేకు వేడి బదులు దానిలో కనబడే వస్తువుల వేడి చూపిస్తుంది. బావ కొత్త రేకుని కొలిచి 41 డిగ్రీలే అని ఎగిరి గంతేసి చెయ్యి పెట్టాడు, చురుక్కుమంది. కొలిచే చోట ఒక ముక్క మ్యాట్ నల్ల టేపు అంటించి దాని మీద కొలవాలి.

సైలెన్సర్ గొట్టాలకి బ్యాండేజీ లాగా గుడ్డ చుట్టే పద్ధతి ఒకటి ఉంది. చూడటానికి రేసు కారులా ఉంటుంది, వేడి కూడా ఆపుతుంది. నాకు నచ్చదు. తడిని పట్టుకుని మామూలు స్టీలు గొట్టాన్ని తినేస్తుంది, పాత ఇంజను నుంచి కారే ఆయిల్ పీలిస్తే అంటుకునే ప్రమాదం కూడా ఉంది. పోత ఇనుము మానిఫోల్డ్‌కి చుడితే అది బిగుసుకుని పగిలే అవకాశం ఉంది. డబ్బులుంటే మానిఫోల్డ్‌కి సెరామిక్ పూత వేయించుకోవడం మంచిది, ఎలాగూ గ్యాస్కెట్ కోసం విప్పినప్పుడు.

ఇంత మూశాక కొత్త చిక్కు వస్తుంది, దాని గురించి ఎవరూ ముందే చెప్పరు. ఇన్నాళ్ళూ కేబిన్‌లోకి పోతున్న వేడిగాలి ఇప్పుడు బానెట్ కిందే ఉండిపోతుంది. ఈ ఇంజన్లో కార్బ్యురేటర్లు, ఎగ్జాస్ట్ మానిఫోల్డ్ ఒకే వైపు ఉంటాయి, పొయ్యి మీద పాల గిన్నె పెట్టినట్టు. ఇప్పటి ఇథనాల్ కలిసిన పెట్రోల్ తక్కువ వేడికే ఆవిరి కావడం మొదలుపెడుతుంది. బండి ఆపి పది నిమిషాలు కాఫీ తాగి వచ్చేసరికి కార్బ్యురేటర్‌లో పెట్రోల్ నిలవుండే ఫ్లోట్ గిన్నెలో పెట్రోల్ ఉడికి, స్టార్ట్ కాక సతాయిస్తుంది. మా బావకి సరిగ్గా గుడి పార్కింగ్‌లో, తెలిసినవాళ్ళందరి ముందు ఇది జరిగింది. కార్బ్యురేటర్ల కింద ఉండాల్సిన హీట్ షీల్డ్ ఉందో లేదో చూసుకోండి, ఆపాక బానెట్ ఒక్క నిమిషం ఎత్తి ఉంచండి, అందం సంగతి తర్వాత.

వేడిగాలి బయటికి పోయే దారి కోసం చాలామంది బానెట్ వెనక అంచు కింద వాషర్లు పెట్టి కొంచెం ఎత్తుతారు. బండి ఆగి ఉన్నప్పుడు ఇది పనిచేస్తుంది. వేగంగా పోతున్నప్పుడు ముందు అద్దం మొదట్లో గాలి ఒత్తిడి ఎక్కువ, కాబట్టి అక్కడి నుంచి గాలి బయటికి పోయే బదులు లోపలికే రావచ్చు. ఊలు దారం ముక్కలు అంచు పొడుగునా టేపుతో అంటించి, ఎవరినైనా నడపమని, మీరు పక్కన కూర్చుని దారాలు ఎటు ఊగుతున్నాయో చూడండి. (అగరొత్తి వెలిగిద్దాం అన్నాడు బావ. పెట్రోల్ కారే పాత కారులో అగరొత్తి వద్దు బావా, తర్వాత మనకి వెలిగించాల్సి వస్తుంది అన్నాను.)

హీలీ వాళ్ళకి దీని జవాబు మొదటి నుంచీ తెలుసు. 1955 నాటి 100ఎం మోడల్‌కి బానెట్ మీద సన్నటి చీలికలు వరసగా ఉంటాయి. 1960లో పాట్ మాస్, ఆన్ విజ్డమ్ అనే ఇద్దరు మహిళలు హీలీ 3000తో లీయెజ్-రోమ్-లీయెజ్ ర్యాలీ గెలిచారు, రాత్రింబగళ్ళు సాగే ర్యాలీ, అంత పెద్ద అంతర్జాతీయ ర్యాలీలో ఆడవాళ్ళు మొదటి స్థానం కొట్టడం అదే మొదటిసారి. తర్వాతి ఏళ్ళలో ఫ్యాక్టరీ తన ర్యాలీ కార్లకి ముందు చక్రాల వెనక, రెక్కల్లోనే (చక్రాన్ని కప్పే పక్క రేకుల్లోనే) కంతలు కోసి వేడిగాలిని పక్కలకి వదిలింది. అక్కడ, చక్రం వెనక, ఒత్తిడి తక్కువ, గాలి తనంతట తనే బయటికి లాగబడుతుంది. ఇంత మంచి చోటు కారులో ఇంకోటి లేదు.

చల్లగాలి లోపలికి తేవడం ఇంకో సగం. గ్రిల్ దగ్గర నుంచి ఒక లావు గొట్టం రెక్క లోపలి పక్కగా వచ్చి కాళ్ళ దగ్గర తెరుచుకుంటుంది. ఐడియా మంచిదే, కానీ ఆ గొట్టం బానెట్ కింద వేడిలోంచే రావాలి, వచ్చేసరికి సగం వేడెక్కుతుంది. పాత గొట్టం మడతల్లో చిరిగి ఉంటే మరీ అన్యాయం, ఇంజను వేడిగాలినే పీల్చి తెస్తుంది. కొత్త గొట్టం వేసి, పైన రేకు పూత ఉన్న తొడుగు తొడిగాం, మధ్యలో పడవల్లో గ్యాసు బయటికి తోయడానికి వాడే చిన్న బ్లోయర్ ఒకటి ఇరికించాం. సిగ్నల్ దగ్గర స్విచ్ వేస్తే బయటి గాలి కాళ్ళకి కొడుతుంది. బయటి గాలే 38 డిగ్రీలైతే అది చల్లగాలి కాదు, నిజమే, కానీ 50 డిగ్రీల గాలి పక్కన అదే ఏసీ.

ఇవన్నీ అయ్యాకే మళ్ళీ పరుపుల జోలికి వెళ్ళాం. ఫెల్ట్ ముక్కలు టన్నెల్ రెండు పక్కలా, పాదాల ముందు గోడకీ మాత్రమే వేశాం, పైన కార్పెట్. ఇప్పుడు 37 డిగ్రీల రోజున కాళ్ళ దగ్గర 43. అక్క మళ్ళీ ఎక్కింది, కాకపోతే సాయంత్రం ఏడు దాటాక, అదీ కాన్వాస్ బూట్లతో.

మిగిలింది రెక్కల్లో కంతలు. కోస్తే ఇంకో రెండు మూడు డిగ్రీలు తగ్గచ్చని నా లెక్క. అరవై ఏళ్ళ అసలు రేకు కోస్తే కారు ధర తగ్గుతుందని బావ లెక్క. ఆ మధ్య ఒక శనివారం మాస్కింగ్ టేపు అంటించి, దాని మీద పెన్సిల్‌తో కంత గీత గీసి, నాలుగడుగులు వెనక్కి వెళ్ళి చూసి, టేపు పీకేశాడు. పోయిన శనివారం వెళ్ళేసరికి మళ్ళీ అంటించి ఉంది.